నా కారుకు కుడివైపు అంచు

నా కారు గురించి మాట్లాడని మనిషి మా చుట్టాల్లో లేడు. పెళ్లి భోజనాల దగ్గర, పురుడు జరిగిన ఇంట్లో, ఆఖరికి చావు జరిగిన ఇంటి ముందు వేసిన టెంటు కింద కూడా ఆ ముచ్చట వస్తుంది. చెప్పేది మాత్రం ఎప్పుడూ వేరేవాళ్లే. నేను అదే బంతిలో కూర్చుని ఉంటాను. "అట్ల కాదు, అసలు జరిగింది ఏందంటే" అని నోరు తెరవగానే ఎవరో ఒకరు నా విస్తరిలో ఇంకో గంటెడు పప్పు పోస్తారు. వద్దు వద్దు అని చెయ్యి అడ్డం పెట్టేలోపు ముచ్చట ముందుకు వెళ్లిపోతుంది. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు, "కారు నీది కదా, నువ్వు చెప్పు" అనలేదు. అందుకే రాస్తున్నాను. రాసేటప్పుడు ఎవరూ పప్పు పోయలేరు.

మాది గొర్లు కాసిన ఇల్లు. నడిగూడెం దగ్గరి మా ఊళ్లో మా బాపుకు మంద ఉండేది. నాకు సూర్యాపేటలో చిన్న సర్కారు కొలువు దొరికింది. కొలువు కుదురుకున్నాక ఒక పెద్దసారు వాడి వదిలేసిన చిన్న తెల్ల కారు కొన్నాను. మా వంశంలో అదే మొదటి కారు. ఊరికి తీసుకెళ్తే బాపు దాని చుట్టూ తిరిగి చూశాడు. వెనక డిక్కీ తెరిపించి లోపలికి తల పెట్టాడు.

"ఎన్ని గొర్రెపిల్లలు పడతయిరా దీన్ల?"

"బాపూ, ఇది మనుషుల కోసం."

"మనుషులు నడుస్తరు గద," అన్నాడు.

ఆయన మాట నెగ్గింది. మందలో ఏ పిల్లకు జబ్బు చేసినా నా కారులోనే కోదాడ పశువుల దవాఖానకు వెళ్లేది. దాని వల్లనో, అంతకు ముందే పెద్దసారు రంగు వేయించి కప్పిపెట్టినందువల్లనో, మొదటి వానాకాలం దాటేసరికి రెండు వైపులా తలుపుల కింది రేకు తుప్పు పట్టింది. దూరం నుంచి చూస్తే తెల్ల పంచెకు అంచంతా బురద అంటినట్టు ఉండేది. నాకు బాధగా ఉన్నా నడిచే కారే కదా అని ఊరుకున్నాను.

ఆ యేడు గట్టు జాతర వచ్చింది. మా ఇళ్లల్లో రెండేళ్లకోసారి వచ్చే ఆ జాతరకు పోకుండా ఎవరూ ఉండరు. పొట్టేలునూ గంపలనూ ఎక్కించడానికి ట్రాక్టరు మాట్లాడాం. పెద్దవాళ్లకు నా కారు. మిర్యాలగూడ నుంచి అక్కా బావా వచ్చారు. మా బావ సొంత లారీ తానే నడుపుతూ మిల్లులకు వడ్లు చేరవేసేవాడు. ఇంటికి పెద్దల్లుడు. అల్లుడికి ముందు సీటు ఇవ్వడం మర్యాద. నేను తెల్లవారకముందే కారు కడిగాను. ముందు సీటు మీద కొత్త టవల్ పరిచాను. తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాను.

మా బావ వచ్చాడు. టవల్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. లోపల కాళ్లు పెట్టుకునే చోటు చూశాడు. తర్వాత, కుండలు కొనేవాడు కుండను కొట్టి చూసినట్టు, తలుపు కింది రేకు మీద మడిచిన వేలితో టకటకా కొట్టాడు. తుప్పు పెచ్చు ఒకటి ఊడి ఆయన చెప్పు మీద పడింది.

"బామ్మర్దీ," అన్నాడు, వాకిట్లో అందరికీ వినబడేటట్టు. "ఇది మనల్ని గట్టు దాంక మోస్తదా, మనమే దీన్ని మోయాల్నా?"

అందరూ నవ్వారు. మా అక్క కూడా నవ్వింది. నేను ఇంకా తలుపు పట్టుకునే ఉన్నాను. ఆయన టైరు మీద ఒక చెయ్యి వేసి, మా చిన్నాయన భుజం మీద ఇంకో చెయ్యి వేసి, ట్రాక్టరు డబ్బా ఎక్కి పొట్టేలు పక్కన కూర్చున్నాడు.

ఇది అందరూ తమాషాగా చెప్తారు. చెప్పనిది ఒకటి ఉంది. ట్రాక్టరు ముందు, నా కారు వెనక. మా బావ వెనక్కి తిరిగి, కాళ్లు బారజాపుకుని, పొట్టేలు మెడ చుట్టూ చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా ఆయనా పొట్టేలూ ఇద్దరూ నన్నే చూస్తూ వచ్చారు. నా పక్కన ఖాళీ సీటు మీద టవల్. ఆ పొట్టేలు ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు నుంచి బావతో మాట బంద్ చేశాను. ఏదైనా అవసరం పడితే అక్కతో చెప్పేవాణ్ని, ఆయన పక్కనే ఉన్నా సరే.

ఆ తర్వాత కొన్నాళ్లకు సూర్యాపేటలో హైవే పక్కన చాయ్ తాగుతుంటే ఒక కారు వచ్చి ఆగింది. దానికి ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా, తలుపుల కింద, పొడుగ్గా ఒక తొడుగు బిగించి ఉంది. నేల నుంచి జానెడు ఎత్తులో, నున్నగా, కింది రేకంతా కప్పేసి. అడిగితే సైడ్ స్కర్టు అన్నారు. చాయ్ చల్లారిపోయింది. నా కారుకు కావలసింది అదే. అది ఉంటే ఇక ఎవడు వేలితో కొట్టినా పెచ్చు ఊడదు.

ఇంటికి వచ్చి మా ఆవిడకు బొమ్మ గీసి చూపించాను. ఆమెది కోదాడ. అటువైపు వాళ్లు తిట్టినా "మీరు" అనే తిడతారు.

"చీరకు అంచు వేసినట్టన్నమాట," అంది. "చీర చిరిగాక అంచు వేస్తే ఏం లాభమండీ?"

అంచు అన్న మాట మాత్రం నాకు నచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు అంచే.

నా కారు అంత పాతదానికి కొత్త అంచులు ఎవరూ తయారు చేయరు. వేరే కార్లవి తెచ్చి కోసి అతికించుకోవాల్సిందే. సూర్యాపేట శివారులో, హైవే మీద గుద్దుకున్న బండ్లన్నీ చేరే తుక్కు షెడ్డు ఒకటి ఉంది. ఒక ఆదివారం అక్కడికి వెళ్లాను. కార్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. షెడ్డు ఆయన వాటి నీడలోనే మంచం వేసుకుని పడుకున్నాడు. నేను అడిగింది విని, లేచి, ఒక పెద్ద కారు కింది నుంచి బూడిద రంగు అంచు లాగాడు.

"ఇది పెద్ద బండిది సార్. మీదానికి పొడుగైతది."

"పొడుగైతే కోస్తం."

"కోస్తే కోసినట్టే కనవడ్తది మల్ల."

"కనవడనియ్. ఇది ఎడమ దిక్కుది. కుడిది ఏది?"

ఆయన నన్ను ఆ పెద్ద కారు అవతలి వైపుకు తీసుకెళ్లాడు. అటు వైపు అసలు కారే లేదు.

"కుడి దిక్కే లారీ తాకింది సార్. ఒక్కదాంతోటి ఏం జేస్కుంటవ్? పోనియ్."

"రెండోది ఎక్కడో ఒక కాడ దొరుకుతది," అని పట్టుకొచ్చాను.

దాన్ని బిగించింది మా ఊళ్లో, బాపు గొర్ల దొడ్డి ముందు. పొడుగు ఎక్కువైన చోట ఆక్సా బ్లేడుతో కోశాను. కారు నడుం కంటే అంచు వంపు వేరుగా ఉంది. వేడి నీళ్లు పోసి మెత్తబరిచి వంచాను. తర్వాత దాన్ని కారుకు ఆనించి, తలుపుల మీదుగా కప్పు చుట్టూ తాడు వేసి కట్టాం. అది దొడ్డి తడికలకు కట్టే తాడే. బాపు అటు కొస పట్టుకుని, గొర్రె కాళ్లు కట్టేటప్పుడు వేసే ముడి వేశాడు.

రంధ్రాలు ఎక్కడ పెట్టాలో గుర్తు వేయాలి. చాక్‌పీసు లేదు. గొర్లకు గుర్తు వేసే ఎర్ర రంగు డబ్బా దొడ్డి గోడ మీద ఉంది. పుల్ల ముంచి చుక్కలు పెట్టాను.

"అది కడిగితే పోదు, వానకు పోదు. సూస్కో మల్ల," అన్నాడు బాపు.

"అంచు కిందికే పోతది గద బాపూ. ఎవరికి కనవడ్తది?"

చుక్కలన్నీ పెట్టాక గుర్తొచ్చింది. టైరు మార్చాలంటే జాకీ పెట్టే చోటు తలుపు కిందే ఉంటుంది. అంచు దాన్ని కప్పేస్తోంది. దారిలో పంక్చర్ అయితే అంచు ఊడదీస్తే గానీ బండి లేవదు. తాళ్లు విప్పి, అంచును బెత్తెడు పైకి జరిపి, మళ్లీ బిగించాను. ఎర్ర చుక్కలు కింద బయట ఉండిపోయాయి. కిరసనాయిలు పోశాను, సబ్బు రుద్దాను, ఇటుక పొడి రుద్దితే తెల్ల రంగు పోయింది గానీ ఎర్ర రంగు పోలేదు.

బాపు మాత్రం సంతోషపడ్డాడు. "మంచిగైంది తియ్. ఇగ ఏ మందల కలిసినా మన బండి మనం గుర్తువడ్తం."

నా అంచుకు ఒక్కటే ఇబ్బంది. మోగేది. స్క్రూలు నేరుగా రేకుకే బిగించాను కాబట్టి గుంతల రోడ్డు మీద తటతటమనేది. ఇనుప తీగ చుట్టాను. మోత తగ్గలేదు, ఇంకో రకంగా మారింది.

కుడివైపుది దొరికేదాకా ఎడమవైపు ఒక్కదాంతోనే తిరిగాను. మన దేశంలో బండ్లు ఎడమ పక్కకు ఆగుతాయి. కాబట్టి ఇల్లు రోడ్డుకు ఎడమవైపు ఉంటే నాకు ఏ బాధా లేదు. కుడివైపు ఉంటేనే కష్టం. కోదాడలో మా ఆవిడ పుట్టింటి వాళ్ల పిల్ల చీర ఫంక్షన్‌కు వెళ్లినప్పుడు హాలు కుడివైపు వచ్చింది. నేను ఆపకుండా ముందుకు పోనిచ్చాను.

"ఏమండీ, హాలు దాటిపోయింది."

"తెలుసు."

"తెలిసే దాటించారా?"

"అక్కడ మలుపు ఉంది. తిప్పుకుని వస్తే ఎడమ పక్క జనం దిక్కు ఉంటది."

ఆమె ఒళ్లోని పళ్లెం పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "మీరు దిగాక మిమ్మల్ని కూడా ఎటు తిప్పి నిలబెట్టాలో ఇప్పుడే చెప్పేయండి. మళ్లీ అక్కడ అందరి ముందూ వెతుక్కోలేను."

తిప్పుకుని వచ్చి, ఎడమవైపు గేటుకు ఎదురుగా ఉండేటట్టు ఆపాను. బాగానే కనబడింది. పిలిచారు కాబట్టి మా బావ కూడా అక్కడికి వచ్చాడు. గేటు స్తంభానికి ఆనుకుని నిలబడి చూస్తున్నాడు. ఆయన ఎక్కడికి పోయినా స్తంభానికో, గోడకో, ఎవరి భుజానికో ఆనుకునే నిలబడతాడు. అది ఆయన గర్వం అని నేను అప్పటికే తీర్మానించుకున్నాను. అందరూ ఎడమవైపు చూస్తుంటే ఆయన ఒక్కడే మెల్లగా, పక్కన ఆగిన బండ్లను పట్టుకుంటూ, అవతలికి వెళ్లి కుడివైపు చూశాడు.

"ఒక్క చెవికే కమ్మ పెట్టిన్రు," అన్నాడు, నాతో కాదు, గేటు దగ్గరి వాళ్లతో. "పాపం, రెండో చెవి ఏం పాపం జేసిందో."

ఇది రెండో అవమానం. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

ఆ మరుసటి వారం నుంచి కుడి అంచు కోసం పట్టుదలగా తిరిగాను. కోదాడ షెడ్డులో అన్నీ ఎడమవే దొరికాయి. ఆఫీసు పని మీద మిర్యాలగూడ వెళ్లినప్పుడు అక్క ఇంటికి పోకుండా, రైస్ మిల్లుల వెనక ఉన్న తుక్కు షెడ్డుకు పోయాను. గోడకు ఆనించి ఉంది. నల్లది, కుడివైపుది. ఒక కొసన నెలవంకలా గీత పడి ఉంది, అంతే. పొడుగు కూడా నా కారుకు దాదాపు సరిపోతుంది. వెంటనే జేబులోంచి డబ్బులు తీశాను.

"అది ఇయ్యరాదు సార్. ఒకాయన పక్కకు పెట్టుమన్నడు," అన్నాడు షెడ్డు యజమాని.

"ఎవరు?"

"గిరాకి."

"నేనేంది మరి, గిరాకిని కాదా? ఎదురుంగ నిలవడ్డ గిరాకిని వదిలిపెట్టి, లేనోనికి ఇస్తవా?"

"మాటిచ్చిన సార్."

"ఆయన రాకపోతే?"

"వస్తడు. మంచి మనిషే. కాలు జర ఈడ్చుకుంట నడుస్తడు గని, మాట తప్పడు."

షెడ్డు ఆయనతో చాలాసేపు వాదించాను. అక్కడి పనివాళ్లందరూ పని ఆపి చుట్టూ చేరారు. ఆయన ఇవ్వలేదు. బస్సులో సూర్యాపేట వచ్చే దారంతా ఆ కాలు ఈడ్చే మనిషిని తిట్టుకుంటూ వచ్చాను. ఆ అంచు వాడి బండికి అతకకూడదని, అతికినా మొదటి గుంతలోనే ఊడిపోవాలని కోరుకున్నాను. నన్ను అవమానించినవాళ్లలో నేను ముఖం చూడనివాడు అతనొక్కడే. అయినా చాలా పైన చోటిచ్చాను.

ఆ యేడే ఆఫీసు నుంచి ట్రైనింగ్‌కు హైదరాబాదు పంపారు. కారు మా ఊళ్లో బాపు దగ్గర వదిలి వెళ్లాను. వడ్లు కోసే కాలం అది. తిరిగొచ్చి, దొడ్డి పక్కన ఉన్న కారు మీద కప్పిన పట్టా తీసి, అలవాటు కొద్దీ ఎడమవైపు తుడిచాను. తర్వాత కుడివైపు తుడవబోయి ఆగిపోయాను.

కుడివైపు అంచు ఉంది. నల్లది. కొసన నెలవంకలా గీత.

బాపు అరుగు మీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు.

"బాపూ, ఇది ఎవరు బిగించిన్రు?"

"ఏది?"

"గిది. కుడి దిక్కు అంచు."

"ముందు నుంచి లేదా అది?"

"లేదు బాపూ."

"ఏమో బిడ్డా. నాకు కన్ను సరిగ ఆనది."

చెరువు కట్ట మీద నిలబడి అవతలి మందలో కలిసిన మన గొర్రె ఏదో చెప్పే మనిషి ఈయన.

కారు కిందికి దూరాను. జాకీ పెట్టే చోటు దగ్గర అంచును ముందే కోసి దారి వదిలారు. నేను చేసిన తప్పు చూసినవాళ్లే అలా కోయగలరు. ప్రతి స్క్రూ కింద లారీ ట్యూబు ముక్క, గుండ్రంగా కత్తిరించి పెట్టి ఉంది. రేకుకూ అంచుకూ మధ్య రాపిడి లేకుండా. లోపలి అంచున, కింద పడుకుంటే తప్ప కనబడని చోట, ఎర్ర చుక్కలు. మా దొడ్డి గోడ మీది డబ్బాలో రంగే. దాన్ని తీసుకునే చనువు బయటివాళ్లకు ఉండదు.

"వడ్లకు లారీ ఎవరిది వచ్చింది?" అని అడిగాను, కారు కింది నుంచే.

"ఎవరిదో వచ్చింది," అన్నాడు బాపు. చుట్ట వాసన దూరంగా జరిగింది. లేచి వెళ్లిపోయాడు.

బయటికి వచ్చి నేరుగా మిర్యాలగూడ బయల్దేరాను. గుంతల్లో ఎడమవైపు నేను బిగించింది తటతటమంటోంది. కుడివైపు నుంచి ఒక్క చప్పుడు లేదు. ఆ దారంతా ఆ చప్పుడు లేకపోవడమే వింటూ వెళ్లాను.

జాతర తర్వాత అక్క ఇంటికి పోవడం అదే మొదటిసారి. అక్క వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి చాట కింద పెట్టింది.

"వచ్చినవా తమ్మీ? ఇల్లు యాదికున్నదా?"

"బావ యాడ?"

"దవాఖానకు పోయిండు. మోకాలు సూపెట్టుకునేతందుకు."

"మోకాలుకు ఏమైంది?"

అక్క నా వైపు వింతగా చూసింది. "నీకు తెల్వదా? క్లచ్చి తొక్కి తొక్కి ఎడమ మోకాలు బిగుసుకపోయింది. మడత పడది. కాలు బారజాపుకునే కూసోవాలె. చిన్న బండ్ల ఎక్కితే దిగరాదు."

"ఎప్పట్నుంచి?"

"జాతరకు ముందట్నుంచే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎవరికి చెప్పలే తమ్మీ. లారీ ఆయనకు కాలు బాగలేదని మిల్లోళ్లకు తెలిస్తే లోడు ఇస్తరా?"

నేను ఆ చాట పక్కనే కూర్చున్నాను. టవల్ పరిచిన సీటు వైపు కాదు, కాళ్లు పెట్టుకునే చోటు వైపు ఆయన చూసిన చూపు గుర్తొచ్చింది. చిన్నాయన భుజం, గేటు స్తంభం, పక్కన ఆగిన బండ్లు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. నేను ఊడిపోవాలని శపించిన ఆ అంచు కూడా.

కాసేపటికి బావ వచ్చాడు. గేటు పట్టుకుని, గోడ పట్టుకుని. దాచుకోవాల్సిన అవసరం లేనప్పుడు ఆయన నడక ఎలా ఉంటుందో మొదటిసారి చూశాను.

"బామ్మర్దీ, ఎప్పుడొచ్చినవ్? చాయ్ తాగినవా?"

"బావా, కుడి దిక్కుది నువ్వేనా?"

"ఏం కుడి దిక్కు?"

"కారుకు."

"నీ కారుకు కుడి దిక్కు గూడ ఉన్నదా? ఎడమ దిక్కు ఒక్కటే ఉంటదనుకున్న."

బయటికి వచ్చాడు. వంగలేక, కారు మీద చెయ్యి ఆనించి, కుడి అంచు మీద మడిచిన వేలితో కొట్టాడు. తల ఒక పక్కకు వంచి విన్నాడు.

"ఎవరు బిగించిన్రో గని, గట్టిగ బిగించిన్రు."

అటు తిరిగి వెళ్లి ఎడమ అంచు మీద కొట్టాడు. నా తీగ కదిలి చిడతలాగా మోగింది.

"ఇదైతే ఎవడో చేతగానోడు బిగించిండు," అన్నాడు.

మూడో అవమానం.

ఆయన ఆ రోజు చెప్పలేదు. అన్నం దగ్గర అడిగాను, చెప్పలేదు. బయల్దేరేటప్పుడు అడిగాను, "టైర్ల గాలి సూస్కో" అన్నాడు. అక్కను అడిగితే "నాకేం ఎరుక" అని చెంగు సర్దుకుంది. అందరికీ తెలుసు. తెలిసిన సంగతి ఇంక చెప్పడమెందుకు అనుకుంటారు వాళ్లు. నాకు అలా కుదరదు. ఒక మనిషి నన్ను అవమానించాడని పెట్టుకున్న కోపాన్ని ఊహ మీద వదిలేయలేను. ఆయనే అని తేలితే ఆ రోజుతో వదిలేస్తాను. తేలనప్పుడు దాన్ని ఎక్కడ దింపాలి? ఈ ఒక్క మాట కోసమే ఇన్నేళ్లుగా అడుగుతున్నాను. మా వాళ్లు దాన్నే తమాషా చేశారు.

రెండేళ్లకు మళ్లీ గట్టు జాతర వచ్చింది. దానికి ముందు నేను సూర్యాపేటలో షెడ్డుకు పోయి ముందు సీటు పట్టాలు ఊడదీయించి, సీటును బాగా వెనక్కి జరిపించాను. వెనక కూర్చునేవాళ్లకు మోకాళ్లు గడ్డానికి తగిలేంత వెనక్కి. ఎందుకని మా ఆవిడ అడగలేదు. జాతర రోజు టవల్ పరిచి, తలుపు తెరిచి పట్టుకున్నాను.

బావ వచ్చాడు. టవల్ చూశాడు. కాళ్లు పెట్టుకునే చోటు చూశాడు. ఈసారి కాస్త ఎక్కువసేపు చూశాడు. తర్వాత ముందు నడుం పెట్టి, కుడికాలు లోపలికి తీసి, ఎడమకాలును రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుని, పూర్తిగా బారజాపాడు. నేను తలుపు వేశాను.

ట్రాక్టరు ముందు నడిచింది. ఆ యేడు పొట్టేలు పక్కన ఎవరూ లేరు. అది ఒక్కటే మా ఇద్దరినీ చూస్తూ వచ్చింది.  మునగాల దాటాక ఒక గుంత వచ్చింది, ఎడమవైపు తటతటమంది.

"ఏం బామ్మర్దీ," అన్నాడు, అద్దంలోంచి బయటికి చూస్తూ. "నా దిక్కేమో మోగుతున్నది, నీ దిక్కు సప్పుడే లేదు. అల్లునికి చేసే మర్యాద గిదేనా?"

వెనక సీట్లో అక్కా మా ఆవిడా ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నేను కూడా నవ్వానని వాళ్లు చెప్తారు. నాకైతే గుర్తు లేదు.

"నీ సీటు సంగతి నువ్వు గూడ చెప్పలే గద" అని మా వాళ్లు నన్ను అంటారు. నిజమే, సీటు ఎందుకు జరిపించానో నేను బావకు చెప్పలేదు. కానీ ఆయన అడగలేదు. నేను అడిగాను. మా ఇద్దరికీ తేడా అదే. అడిగినవాడికి జవాబు రావాలి.

ఆ కారు చాలా యేళ్లు తిరిగింది. బాపు పోయాడు, మంద అమ్మేశాం. ఎర్ర చుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. చివరికి ఇంజను మొరాయించి, బాగు చేసేవాళ్లు కూడా తల అడ్డంగా ఊపాక, సూర్యాపేట శివారులోని అదే షెడ్డుకు ఇచ్చేశాను. ఇచ్చే ముందు అంచులు ఊడదీద్దామని కూర్చున్నాను. ఎడమది నా చేత్తో లాగితే వచ్చేసింది. దాన్ని షెడ్డులోనే, అది వచ్చిన చోటే, వదిలేశాను. కుడిది రాలేదు. ట్యూబు ముక్కలు కరుచుకుపోయి ఒక్కొక్క స్క్రూను బ్లేడుతో కోయాల్సి వచ్చింది. ఇప్పుడు అది మా ముందు గదిలో కిటికీ కింద గోడకు ఉంది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ఏమిటది అని అడిగితే మా ఆవిడ "మా వారి పట్టుచీర అంచు" అంటుంది.

బావ లారీ నడపడం మానేశాడు. సూర్యాపేట వస్తే మా ఇంట్లోనే ఉంటాడు. ఆయన కుర్చీ ఆ గోడ పక్కనే వేస్తాను, కాలు పెట్టుకోవడానికి ఎదురుగా పీట. కూర్చోగానే చెయ్యి చాపి అంచు మీద మడిచిన వేలితో కొడతాడు. వింటాడు. తలూపుతాడు. నేను అడుగుతాను. ఆయన చాయ్ సంగతి అడుగుతాడు.

బావా, ఇది అక్క చేత చదివించుకుంటావని తెలుసు. చదివేటప్పుడు మధ్యలో నవ్వుతావనీ తెలుసు. నవ్వింది చాలు. మిర్యాలగూడ షెడ్డులో దాన్ని పక్కకు పెట్టించింది నువ్వా, కాదా? మా దొడ్డి ముందు, ఆ కాలుతో, నేల మీద పడుకుని ఆ స్క్రూలు బిగించింది నువ్వా, కాదా? బిగించినప్పుడు బాపు ఏ కొస పట్టుకున్నాడు? అవునంటే అవునను, ట్రాక్టరు మీది పొట్టేలుతో సహా అన్నీ వదిలేస్తాను. కాదంటే కాదను, ఇంకెవరో వెతుక్కుంటాను. వచ్చే ఆదివారం భోజనానికి రమ్మని అక్కతో చెప్పాను. పప్పు గంటె ఆ రోజు నా చేతిలోనే ఉంటుంది. నువ్వు చెప్పేదాకా ఎవరి విస్తరిలోనూ పడదు. చెప్పు.